జలచిత్రములందు రసాశ్రయము: సూర్యప్రకాశ్ గారి ప్రకృతిచిత్రముల పరామర్శ

మహాకావ్యమునకు వలయు పదునెనిమిది వర్ణనలను లాక్షణికులు నియమించిరి. ఓరుగంటి ప్రతాపరుద్రుని ఆస్థానమున వెలసిన విద్యానాథుని ప్రతాపరుద్రీయమునందు ఈ వర్ణనలలో మొదటిది నగరము, రెండవది సముద్రము, మూడవది పర్వతము. పిదప ఋతువులు, చంద్రసూర్యోదయములు, ఉద్యానము వచ్చును. జలక్రీడ మొదలుకొని నాయకాభ్యుదయము వఱకు గల తక్కినవి మనుష్యవ్యాపారములు. పట్టిక యొక్క పూర్వభాగము స్థలమును గూర్చినది, ఉత్తరభాగము జనమును గూర్చినది. ఈ రెంటికిని సంధి కుదుర్చువాడు నాయకుడు. అతడు తీరమునకు బోయిన యెడలనే సముద్రవర్ణన, వేటకు వెడలిన యెడలనే అరణ్యవర్ణన. నాయకుని తొలగించినచో వర్ణన నిలుచునా యను ప్రశ్న మన కవులకు అంతగా తటస్థింపలేదు. ప్రకృతిని మాత్రమే చిత్రించు చిత్రకారునకో, అది కుంచె పట్టిన ప్రతిసారియు ఎదురగు ప్రశ్న. మనుష్యుడు లేని కొండ, మనుష్యుడు లేని కడలి, మనుష్యుడు లేని కొలను ఆతనికి వస్తువులు. ఇవి రసవంతములగునా, లేక కన్నులకింపగు అలంకారములుగా మాత్రమే మిగులునా? ఈ విచారమునకు తెలుగుదేశమున మిక్కిలి తగిన ఉదాహరణము హైదరాబాదు చిత్రకారులైన సూర్యప్రకాశ్ గారి (1940–2019) కృతులు.

ముందుగా శాస్త్రము చెప్పునది చూడవలెను. రసమునకు కారణమగు విభావము ఆలంబనమనియు, ఉద్దీపనమనియు రెండు తెఱగులు. ఏ వ్యక్తిని, ఏ వస్తువును ఆశ్రయించి భావము పుట్టునో అది ఆలంబనము. పుట్టిన భావమును పెంపొందించునది ఉద్దీపనము. ఆ భావము ఎవని హృదయమున పుట్టునో అతడు ఆశ్రయము. శృంగారమునందు వెన్నెల, కొలను, తెమ్మెర, కోకిల యన్నియు ఉద్దీపనములు. నాయికానాయకుల యనురాగమునకు నూనె పోయుటయే వాని పని. అవి తమంతట దీపములు గావు. పాఠశాలలలో ఈ విభాగమును నేర్పునప్పుడు, ప్రకృతి సర్వత్ర ఉద్దీపనమే యను తలంపు విద్యార్థుల మనస్సున నాటుకొనుట కలదు. అది సంపూర్ణసత్యము కాదు. భయానకాద్భుతములందు ఘోరారణ్యమును, మహాసముద్రమును తామే ఆలంబనములు కాగలవు. అచేతనమైన వస్తువు సైతము తుదకు ఏదో యొక రసమునకు విభావము కాకపోదని ఆనందవర్ధనుడును అంగీకరించెను. కావున ప్రకృతిచిత్రమున కొఱతవడునది ఆలంబనము కాదు, ఆశ్రయము. కడలిని చూచి వెఱచువాడు, కొలనును చూచి సేదదీరువాడు పటమునందు లేడు. చిక్కు ఇక్కడనే యున్నది.

చిత్రశాస్త్రము ఈ చిక్కును ఎఱుగును. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము నదిని స్త్రీరూపమున, వాహనముతోడను పూర్ణకుంభముతోడను చూపుమని విధించును. పర్వతమునకు పురుషరూపము నిచ్చి తలపై శిఖరము నుంచుమనును. అనగా ప్రకృతికి ఆశ్రయము దొరకుటకై దానినే మనుష్యునిగా మార్చుట. ఆ గ్రంథమే మఱియొక చోట గాలికి చలించు అలలను, మంటను, పొగను, పతాకమును లిఖింప నేర్చినవాడే చిత్రమెఱిగినవాడని చెప్పును. ఇది నీటిని నీరుగనే చూపు మార్గము. మొదటిది దేవతావిగ్రహములకు దారితీసెను. రెండవది చిత్రకారుని నేర్పునకు పరీక్షగా నిలిచెను గాని ఆ పరీక్షలో నెగ్గిన అలకు స్వతంత్రస్థానము లభింపలేదు. అది కథకు వెనుక తెఱగనే యుండెను.

మన ప్రబంధకవులును మొదటి మార్గమునే ఎక్కువగా నడచిరి. మనుచరిత్రమునందలి హిమవంతము ప్రవరుని కన్నులగుండ మనకు కనబడును. వసుచరిత్రమున కోలాహలపర్వతము శుక్తిమతీనదిని కామించును, ఆ రెంటికిని గిరిక జనించును. ప్రకృతి ఇచ్చట ఉద్దీపనస్థానము నుండి ఆలంబనాశ్రయ స్థానములకు ఎక్కినదనుట నిజమే. కాని ఎక్కుటకు అది చెల్లించిన మూల్యము తన రూపము. కొండ పురుషుడై, ఏఱు స్త్రీయై ఆ గౌరవమును పొందెను. ఆముక్తమాల్యదయందలి ఋతువర్ణనలలో మాత్రము శ్రీకృష్ణదేవరాయలు వానను వానగనే, ఎండను ఎండగనే చూచెను. అందును జలమును జీవించునది మనుష్యుల పల్లెబ్రదుకు. వాన యెవరిమీదనో కురియవలసియే యున్నది. ఇది కవిత్వమునకు దోషము కాదు, భాషయొక్క స్వభావము. మాట పలుకువాడొకడు తప్పక యుండును గదా.

ఆధునిక చిత్రకళ తెలుగునాట ప్రవేశించిన తోడనే ప్రకృతి స్వతంత్రవస్తువైనది. రాజమహేంద్రవరవాసులైన దామెర్ల రామారావు గారు (1897–1925) ఆంగ్లేయుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహమున బొంబాయి జె.జె. కళాశాలలో శిక్షణము పొంది, మరలి వచ్చి స్వస్థలమున చిత్రకళాశాలను నెలకొల్పి, ఇరువదియెనిమిదేండ్లు నిండకయే మశూచికముచే మృతినొందిరి. సిద్ధార్థ రాగోదయము, పుష్పాలంకరణము వంటి కథాచిత్రములు వారికి ప్రఖ్యాతి తెచ్చినవి. కాని వారు రచించిన గోదావరీదృశ్యములందు నది స్త్రీ కాదు, దేవత కాదు, నీరు. కొండల నడుమ ఒదిగిన కాంతి. అటుపిమ్మట తెలంగాణమున కొండపల్లి శేషగిరిరావు గారు (1924–2012) శాంతినికేతనమున నందలాల్ బోసు శిష్యరికము చేసి వచ్చి, పురాణచిత్రములతోపాటు హైదరాబాదు బండరాళ్లను కూడ చిత్రవస్తువులుగా గ్రహించిరి. ఈ యిరువురును కథాచిత్రమును ప్రధానముగా నుంచుకొని ప్రకృతిచిత్రమును దాని ప్రక్కన నడపిరి. ప్రకృతిని జీవితవ్రతముగా చేకొని, కథను పూర్తిగా విడిచినవారు సూర్యప్రకాశ్ గారు.

వారు నేటి ఖమ్మము జిల్లాలోని మధిరయందు జన్మించిరి. హైదరాబాదు ప్రభుత్వ లలితకళాశాలలో చదివి, పిదప ఢిల్లీలో రామ్ కుమార్ గారి (1924–2018) సన్నిధిని కృషి చేసిరి. ఈ గురుసంబంధము గమనింపదగినది. రామ్ కుమార్ గారు తొలుత పట్టణములందలి దీనమానవుల ముఖములను చిత్రించిరి. 1960 ప్రాంతమున కాశీయాత్ర చేసిన పిమ్మట వారి పటములనుండి మనుష్యుడు తొలగిపోయెను. ఇండ్లును, మెట్లును, గంగయు మాత్రమే మిగిలినవి. అయినను ఆ చిత్రములందు దైన్యము తగ్గలేదు. మొగములందున్న విషాదము గోడలకు సంక్రమించెను. మనుష్యుని తొలగించియు మనుష్యభావమును నిలుపవచ్చునను ఈ రహస్యము శిష్యునకు చక్కగా పట్టువడినదని ఆయన తొలి చిత్రములే సాక్ష్యము చెప్పును.

సూర్యప్రకాశ్ గారి రచనలను మూడు దశలుగా విభజింపవచ్చును. మొదటిది పాడువడిన మోటారు బండ్ల దశ. విఱిగిన చక్రములు, త్రుప్పుపట్టిన రేకులు, కన్నులు పోయిన దీపములు, ఊడిన యంత్రభాగములు గుట్టలుగా పడియుండు స్థలములను ఆయన చిత్రించెను. పైకి చూచిన ఇది ప్రకృతిచిత్రమునకు విరుద్ధముగ దోచును. కాని నిదానించిన, వర్ణనయొక్క విధానమే ఇందును కలదు. శవములు పడియున్న రణరంగమును కవి వర్ణించునట్లు ఆయన యంత్రరంగమును వర్ణించెను. నడపినవారెవ్వరును పటమున లేరు, వారి ప్రయాణములు ముగిసినవి. త్రుప్పు యొక్క ఎఱుపును, చమురు మరకల నలుపును పటమునకు ప్రాణము. కరుణమునకు ఆలంబనము నష్టమైన ప్రియవస్తువు. ఇచ్చట నష్టమైనది బండి, శోకించువాడు లేడు. అట్లయ్యును శోకము కలదు. ఆశ్రయము లేని రసమునకు ఇది ప్రథమోదాహరణము.

రెండవ దశయందు ఎండిన నేలలును, ఆకురాలిన చెట్లును వచ్చినవి. ఇనుము పోయి కొయ్య వచ్చినది, కాని నిర్జీవత్వము మాఱలేదు. కొమ్మలు రేఖలైనవి. నేల రంగు పొరలైనది. తెలంగాణపు వేసవిని ఎఱిగిన వారికి ఈ చిత్రముల యథార్థతను వేఱుగ వివరింప నక్కఱలేదు. బండి త్రుప్పుపట్టినచో తిరిగి క్రొత్తది కాదు. మోడు మాత్రము చిగిర్పవచ్చును. ఆ సంభావ్యత ఈ దశకును మొదటి దశకును గల భేదము. శోకమునకు బదులు నిరీక్షణము వచ్చినది. మూడవ దశకు ఇదియే ద్వారము.

మూడవ దశ నీరు. ఆయన పేరు విన్నంతనే నేడు రసికులకు తలపునకు వచ్చునది ఇదియే. తామరలు, కలువలు తేలు కొలనులు, నీటిపై రాలిన యాకులు, ఒడ్డున నిలిచిన చెట్ల ప్రతిబింబములు, ఆ ప్రతిబింబములపై చెదరు కాంతి. ఈ చిత్రములందు సాంకేతికమైన ఒక విశేషము కలదు. కొన్ని పటములందు ఆకాశము పైభాగమున కనబడదు, నీటిలోనే కనబడును. చెట్టు పైకి పెరుగదు, క్రిందికి దిగును. నీటిపొర యొక్కటియే యైనను, పైన తేలు ఆకు, దానియందు తోచు కొమ్మ, అడుగున నీడ యని మూడంతరువులు దానియందే చూపవలెను. ఇట్లు చూపుటకు రేఖ చాలదు. ఒక రంగుమీద నింకొక రంగును పలుచగ నుంచి, క్రిందిది పైకి తొంగిచూచునట్లు చేయవలెను. చిత్రసూత్రము అలను లిఖించుటనే నేర్పునకు గీటురాయిగా చెప్పెను. కదలని నీటిని లిఖించుట అంతకంటె సులభమేమియు కాదు. కదలు నీటికి రూపము కలదు. నిలుకడ నీటికి ఇతరుల రూపములే తన రూపము.

ఇట్టి పటములపై వచ్చు తొలి ఆక్షేపము ఇది అనుకరణమని. ఫ్రాన్సు దేశమున క్లోడ్ మోనే (1840–1926) జివెర్నీ గ్రామమున తన తోటలో కొలను త్రవ్వించి, ఏటి పాయనుండి నీటిని మళ్ళించి, కలువలు నాటించి, తన జీవితపు తుదిభాగమున సుమారు 250 పటములుగా వానినే చిత్రించెను. సూర్యప్రకాశ్ గారి కొలనులు ఆ కొలనుకు ఋణపడియుండుట దాచదగినది కాదు, ఆయనయు దాచలేదు. అయితే ఋణము వేఱు, అనుకరణము వేఱు. నన్నయ వ్యాసునకు ఋణపడెను, శ్రీనాథుడు శ్రీహర్షునకు ఋణపడెను. ఋణము తీరినదా లేదా యనుటకు కొలత, గ్రహించినవాడు దానికి తనదైన దేని నైనను చేర్చెనా యనునదే. మోనే కొలను ఉదయసాయంకాలముల వెలుగును కొలుచు పనిముట్టు. ఒకే కొలను గడియ గడియకు ఎట్లు మాఱునో ఆయన లెక్కించెను. సూర్యప్రకాశ్ గారి కొలనులో గడియలు ముఖ్యములు కావు. త్రుప్పు పట్టిన ఇనుమును, మోడును చిత్రించిన చేయి ఈ నీటిని చిత్రించినదన్నది ముఖ్యము. నీటిపై రాలిన యెఱ్ఱనియాకులందు పాత త్రుప్పు రంగు మరల కనబడును. మొదటి దశలో మరణమునకు గుఱుతైన వర్ణము మూడవ దశలో ఋతుచక్రమునకు గుఱుతైనది. ఈ పరిణామము మోనేనుండి రాలేదు. కావున మూడు దశలను కలిపి చూడక, కడపటి దశను మాత్రమే చూచి తీర్పు చెప్పుట న్యాయము కాదు.

రెండవ ఆక్షేపము గంభీరతను గూర్చినది. సముద్రము నెదుట కొలను అల్పము గదా యని కొందఱందురు. జలచిత్రకారులలో సుప్రసిద్ధుడైన ఐవజోవ్‌స్కీ (1817–1900) క్రిమియా ద్వీపకల్పమున నల్లసముద్రతీరమందలి ఫియోడోసియాలో అర్మీనియను కుటుంబమున పుట్టి, సుమారు 6,000 పటములు రచించెను. వానిలో అత్యధికములు కడలిని గూర్చినవే. మెఱుపు, గాలి, అల క్షణమేని నిలువవు కావున ఎదుట కూర్చుండి వానిని చిత్రింప వలనుపడదనియు, జ్ఞాపకమునుండియే చిత్రింపవలెననియు ఆయన మతము. 1850లో ఆయన రచించిన 'తొమ్మిదవ అల' యను పటమున పగిలిన ఓడకొయ్యను పట్టుకొని కొందఱు ప్రాణములు కాచుకొనుచుందురు, వారి వెనుక మహాతరంగము లేచుచుండును. ఇచ్చట ఆలంబనము అల, ఆశ్రయము కొయ్యను పట్టుకొన్న జనము. మన భయమునకు వారు ప్రతినిధులు. వారిని తొలగించి చూచినచో అల అందమైన అలగానే మిగులునేమో యను శంక కలుగును. కొలను చిన్నదైనను అట్టి ప్రతినిధులను కోరదు. పరిమాణము చేత గంభీరత సిద్ధింపదు. పడవ మునిగిన కడలికంటె పటమంతయు నిండిన నిశ్చలజలము రసశాస్త్రదృష్టిచే కఠినతరమైన వస్తువు.

మఱియు, తెలంగాణమున కొలనుకును సముద్రమునకును గల దూరము నిఘంటువులో నున్నంత లేదు. కడలి లేని ఈ సీమ తన చెఱువులకు సాగరములని, సముద్రములని పేరు పెట్టుకొన్నది. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున 1562 ప్రాంతమున హైదరాబాదు నగరము పుట్టకమునుపే కట్టిన చెఱువు హుస్సేన్ సాగరము. 1908 నాటి మూసీ వరదకు పిమ్మట నగరరక్షణకై కట్టినవి ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము. పదునెనిమిదింటిలో రెండవదైన సముద్రవర్ణనకు ఈ నేలయందు చోటు చెఱువుగట్టే. విద్యానాథుడు పట్టిక వ్రాసినదియు కాకతీయులు చెఱువులు త్రవ్వించిన దేశముననే. కావున సూర్యప్రకాశ్ గారి జలచిత్రములను తెలంగాణపు సముద్రవర్ణనములనుట అతిశయోక్తి కాదు.

ఈ చిత్రముల వెనుక నున్న స్థలమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. వారు బహుసంవత్సరములు డాక్టర్ రెడ్డీస్ ఔషధసంస్థకు ఆస్థానచిత్రకారులుగ నుండిరి. 1984లో కల్లం అంజిరెడ్డి గారు స్థాపించిన ఆ సంస్థకు చాలకాలము ప్రధానకార్యాలయము హైదరాబాదు నడిబొడ్డున గల అమీర్‌పేటలో నుండెను. అమీర్‌పేటకు దక్షిణమున నానుకొని పంజగుట్ట. గుట్ట యను మాట పేరున మిగిలినదే కాని కంటికి భవనములే అగపడును. ఈ ప్రాంతమంతయు సుమారు 250 కోట్ల యేండ్లనాటి నల్లరాతి మెట్టలమీద నున్నది. ఆ మెట్టల వాన నీరు వాగులై తూర్పుగా హుస్సేన్ సాగరమునకు పాఱెడిది. ఆ వాగులు నేడు మురుగుకాలువలు. పంజగుట్ట మెట్టపై ఫక్రుల్ముల్కు కట్టించిన ఎఱ్ఱమంజిలు కలదు. పారసీకమున ఇరమ్ అనగా స్వర్గోద్యానము. తెలుగు చెవికి అది ఎఱుపుగ వినబడెను. ఉద్యానము పోయి వర్ణము మిగులుటకు ఈ పేరొక నిదర్శనము. 2017 నుండి అమీర్‌పేటలో రెండు మెట్రోరైలు మార్గములు కలియుచున్నవి, వాని క్రింద రేయింబవళ్ళు జనప్రవాహము. ప్రవాహమను మాటకు ఈ చోట వేఱర్థము లేదు.

ఇట్టి నగరమున కొలనులను చిత్రించుట యనగా ఎదుట లేనిదానిని చిత్రించుటయే. కడలియెడ ఐవజోవ్‌స్కీ చెప్పిన స్మృతిసూత్రము ఇచ్చట వేఱొక కారణమున నిజమైనది. అల నిలువదు కావున ఆయనకు జ్ఞాపకము కావలసెను. చెఱువు నిలువలేదు కావున ఈయనకు కావలసెను. ప్రబంధములందలి అగడ్తలను, కోటతోటలను నేడు పద్యములలోనే చూచుచున్నాము. వర్ణన వర్ణ్యమును మించి బ్రదుకుట సాహిత్యమునకు క్రొత్త కాదు. కాని కవి బ్రదికియుండగనే వర్ణ్యము పోవుట ఈ కాలపు విశేషము. ఈ దృష్టితో చూచిన, ఆ పటముల ప్రశాంతి కేవలము సుఖమైన ప్రశాంతి కాదు. పోయినదానిని నిండుగ నిలిపి చూపుటయందు ఒక మౌనమైన వేదన కలదు. తొలిదశయందలి కరుణము శాంతమునకు అడుగున సంచారిభావముగ మిగిలినది.

మూడవ ఆక్షేపము ఆశ్రయదాతను గూర్చినది. సంస్థలకు ఆస్థానచిత్రకారుడైనవాడు గోడలకు ఇంపగు పటములను వ్రాయును గాని కఠినసత్యమును వ్రాయునా యని అడుగవచ్చును. ఈ ప్రశ్న మనకు పాతదే. రాజాస్థానమున నుండి కావ్యము వ్రాసినవారును, అంకితమీయ నొల్లక పొలము దున్నుకొన్నారని చెప్పబడువారును మన సాహిత్యమున ఇరువురును గలరు, ఇరుతెగలందును ఉత్తమకావ్యములును గలవు. పోషణము చేతనే కృతి చెడదు, పోషకుని మెప్పుకై రుచి మార్చుకొన్నచో చెడును. ఈ విషయమున సూర్యప్రకాశ్ గారి కడపటి చిత్రములను నిష్పక్షపాతముగ పరీక్షించినచో కొన్నింట దోషము కనబడకపోదు. నీరు సర్వదా నిండుగ నుండును. వర్ణములన్నియు నొక్కసారి పండుగ చేసికొనును. ఆకును, ఆకు నీడయు సమానకాంతితో వెలుగుటచే లోతు సన్నగిల్లి, పటము పూలవస్త్రము వలె తోచు సందర్భములు కలవు. ఎండిన చెఱువును చూపవలసిన భారమును ఆయన తన రెండవ దశకే విడిచిపెట్టెను. ఆ రెండును ఒక్క పటమున కలిసియున్నచో మనకు మఱింత గొప్ప కృతి లభించియుండెడిది. ఒకే రసమును మరల మరల దీపింపజేయుట రసదోషములలో నొకటియని ఆలంకారికులు హెచ్చరించియే యున్నారు.

దోషము నట్లుంచి, మొదటి ప్రశ్నకు మరల రావలెను. పటమున ఆశ్రయము లేనప్పుడు రసమెచ్చట నిలుచును? రసము పాత్రయందు గాక సహృదయునియందే ఆస్వాద్యమగునని అభినవగుప్తాదుల సిద్ధాంతము. పాత్ర మనకును భావమునకును నడుమ మెట్టు మాత్రమే. నాటకమున ఆ మెట్టు మీదుగా ఎక్కుదుము. సూర్యప్రకాశ్ గారి జలచిత్రములందు ఆ మెట్టును తీసివేసిరి. ఎట్లనగా, కొన్ని పటములందు ఒడ్డు లేదు. నాలుగంచులవఱకును నీరే. ఒడ్డు లేని నీటిని చూచువాడు ఎక్కడ నిలిచి చూచుచున్నాడు? పటము వెలుపల, తాను నిలిచిన చోటనే. అనగా చూపరి నిలిచిన నేలయే ఆ కొలనుకు ఒడ్డు. చిత్రకారుడు నాయకుని తొలగించి ఆ స్థానమును శూన్యముగ విడువలేదు, చూపరికి ఇచ్చెను. నాయకుడు తీరమునకు బోయిననే వర్ణన యను పాత నియమము భంగము కాలేదు. తీరమునకు పోవు నాయకుడు మాఱినాడు. శకుంతలను తలచి వెన్నెలకు నొచ్చిన దుష్యంతుడు ఇచ్చట లేడు, అమీర్‌పేట రద్దీనుండి వచ్చి పటము నెదుట నిలిచిన యెవడో యొకడు కలడు. అతనికి కథ లేదు. సాధారణీకరణమునకు ఇంతకంటె అనుకూలమైన పాత్ర ఏ నాటకమునను దొరకదు.

ఇందువలన తేలునది యేమనగా, ప్రకృతిచిత్రము కథాచిత్రముకంటె తక్కువ శ్రేణిదని తలచుటకు రసశాస్త్రమున ఆధారము లేదు. శాస్త్రము విభాగించినది విభావములను గాని విషయముల గౌరవమును కాదు. వసుచరిత్రమున శుక్తిమతి స్త్రీ కావలసివచ్చినది మాటలకు వక్త కావలసియుండుటచేత. వర్ణమునకు వక్త యక్కఱలేదు కావున నీరు నీరుగనే యుండి రసాలంబనమయ్యెను. దామెర్ల వారి గోదావరితో మొదలైన ఈ మార్గము సూర్యప్రకాశ్ గారి కొలనులతో శాస్త్రచర్చకు నిలువదగిన పరిపాకమును పొందినది.

వర్ణనలను బోధించు పండితులకు ఇందొక ప్రయోజనము కలదు. అష్టాదశవర్ణనలను పట్టికగా వల్లె వేయించినచో విద్యార్థికి అవి కావ్యమునకు తగిలించిన నగలుగ తోచును. కథ తెలిసికొను తొందరలో అతడు వానిని దాటిపోవును. దాటిపోవుటకు కథ లేని వర్ణన యొకటి యెదుట నున్నప్పుడు అతడు నిలువవలసి వచ్చును. ఒక కొలనుపటము నెదుట విద్యార్థులను కొంతసేపు నిలిపి, ఇందలి స్థాయిభావమేమి, విభావమేమి, ఆశ్రయమెవ్వరని ప్రశ్నించినచో, మూడవ ప్రశ్నకు వారు మొదట చుట్టును చూతురు, పిదప తమ్మును తాము చూచుకొందురు. ఆ తరువాత ఆముక్తమాల్యద తెఱచి వర్షర్తువర్ణనము చదివించినచో ఆ వాన వారిమీదనే కురియును.